పక్కసీటు మనిషి

మార్చి 3, సోమవారం

ఆమె వాళ్ళక్క ఇంటికి వెళ్ళింది. అక్కగారికి మోకాలి ఆపరేషన్ అయింది, కొన్నాళ్ళు తోడు కావాలట. బండి తీసుకువెళ్ళింది. నాకు బస్సు అలవాటైపోయింది కాబట్టి ఇబ్బందేమీ లేదు.

ఆఫీసులో కొత్త పని తగిలింది. మా కొరియా కంపెనీ ఈ దేశంలో అడుగుపెట్టి పాతికేళ్ళవుతోంది. ఆ సందర్భంగా ఒక పుస్తకం వేస్తారట. ముందు కంపెనీ చరిత్ర, తర్వాత బండి కొన్నవాళ్ళ అభిప్రాయాలు. మేనేజరు నన్ను తన గదిలోకి పిలిచి, "రైటరుగారూ, ఇది మీ చేతుల్లో పెడుతున్నాను. చదివినవాడికి కళ్ళలో నీళ్ళు తిరగాలి," అన్నాడు. కార్ల పుస్తకం చదివి ఎవరికి నీళ్ళు తిరుగుతాయో నాకర్థం కాలేదు. సరేనన్నాను.

షోరూములో నన్నందరూ రైటరుగారనే పిలుస్తారు. బండితోపాటు ఇచ్చే చిన్న పుస్తకాన్ని మన భాషలోకి రాసింది నేనే. "క్లచ్ మెల్లగా వదలండి" అని ఊరందరికీ చెప్పాను గానీ నాకు నడపటం రాదు. ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ పేరుకే కన్ను. లైసెన్సు కోసం వెళ్తే ఆ కన్ను మూయించి ఒకసారి, ఈ కన్ను మూయించి ఒకసారి అక్షరాలు చదవమన్నారు. అక్కడితో సరి. మా ఇంట్లో బండి నడిపేది ఆమె.

మార్చి 4

గ్యాసు అయిపోయింది. ఎవరికి చెప్తే తెస్తారో ఆమెకు తెలుసు. ఫోన్ చేయలేదు. బ్రెడ్డు తిన్నాను.

మార్చి 7, శుక్రవారం

చరిత్ర మొదలుపెట్టాను. అనుకున్నదాని కంటే బాగుంది. ఈ కంపెనీ కార్లతో పుట్టలేదు. మొదట సైకిలు భాగాలు చేసేవాళ్ళు. తర్వాత సైకిలు మొత్తం చేశారు. తర్వాత మూడు చక్రాల సరుకు బండి, ఆ తర్వాత కారు. మధ్యలో ఒకసారి దివాళా తీసి, పక్క కంపెనీ చేతిలో పడి లేచారు.

మేనేజరుకు చూపించాను.

"దివాళా అనకండి."

"మరి ఏమనమంటారు?"

"ఒడిదుడుకులు అనండి."

ఒడిదుడుకులు అని మార్చాను. ఆ తర్వాతి కథ నాకు తెలిసిందే, కళ్ళారా చూసిందే. మా మొదటి బండి ఇక్కడికి వచ్చినప్పుడు జనం దాన్ని అగ్గిపెట్టె అన్నారు. తక్కువ ధరకు ఇస్తున్నారంటే ఎక్కడో ఏదో మింగేసి ఉంటారని అనుమానం. వారంటీ ఎక్కువ ఏళ్ళు ఇస్తున్నారంటే, అన్నాళ్ళు కంపెనీ ఉంటేగా అని వెటకారం. షోరూము తలుపు తీసి లోపలికి వచ్చినవాళ్ళలో సగంమంది ఏసీ కోసం వచ్చినవాళ్ళే. ఆ రోజుల్లో మేము కొన్నాం ఒక అగ్గిపెట్టెను. ఉద్యోగి కాబట్టి కొన్నావని అందరూ అన్నారు. నిజానికి ఎంచింది ఆమె. నాలుగు కంపెనీల బండ్లలో ఎక్కి దిగి, చివరికి దీని స్టీరింగ్ మీద చెయ్యి వేసి, "ఇది నా మాట వినేలా ఉంది," అంది.

సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. హాయిగా చదువుకుంటూ వచ్చాను. బండిలో ఈ సుఖం లేదు.

మార్చి 10, సోమవారం

మొదటి అభిప్రాయం నర్సుగారిది. రిటైరైపోయింది. అగ్గిపెట్టెను తొలి ఏడాదే కొన్న మనిషి. ఇప్పటికీ అదే బండి. ముందు సీటు మీద కుట్టిన గుడ్డ, వెనక సీటు మీద కుట్టిన గుడ్డ, స్టీరింగుకి కూడా ఒక తొడుగు.

"ఆస్పత్రి ముందు ఆపితే డాక్టర్లు నవ్వేవారండీ. సిస్టరుగారు బొమ్మకారులో వచ్చారని. వాళ్ళ పెద్ద కార్లు చలికి మూలుగుతూ మొరాయిస్తుంటే నా బొమ్మ ఒక్క తిప్పుకి లేచేది. కాన్పు వచ్చిందంటే వెళ్ళాలి కదా, నవ్వుకునేవాళ్ళ కోసం ఆగుతామా?"

"ఇన్నేళ్ళలో ఇబ్బందేమీ పెట్టలేదా?"

"పెట్టకేం. హారను ఒక వర్షాకాలమంతా దానంతటదే మోగేది. వీధిలో వాళ్ళంతా నేను వస్తున్నానని పిల్లల్ని పక్కకు లాక్కునేవారు."

హారను సంగతి రాసుకున్నాను. మేనేజరు ఉంచనిస్తాడో లేదో.

మార్చి 12

గడియారాల షాపాయన. నేను కూర్చోకముందే మొదలుపెట్టాడు. "తలుపు వేస్తే డబ్బా మూత వేసినట్టుంటుంది. వెనక సీట్లో మా బావమరిది కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. రంగు చూడండి, ఆ మూల చూడండి, గోటితో గీకితే వచ్చేస్తుంది. ఇవన్నీ రాస్తారా?"

"రాస్తాను. మరి రెండోసారి కూడా ఇదే ఎందుకు కొన్నారు?"

"ఖరీదైన బండి కొంటే తిట్టడానికి మనసొప్పదండీ. దీన్ని రోజూ తిట్టుకుంటాను, రోజూ పనికెళ్తాను. ఇద్దరికీ పట్టింపు లేదు."

ఆయన భార్య లోపలి నుంచి, "నన్ను కూడా అంతే," అంది. ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు గానీ టీ మాత్రం ఇచ్చింది.

మార్చి 16, ఆదివారం

చిన్నది హాస్టల్ నుంచి ఫోన్ చేసింది.

"పెద్దమ్మ లేచి తిరుగుతోందట కదా నాన్నా. అమ్మ ఇంకా అక్కడెందుకుంది?"

"పూర్తిగా తగ్గాలి కదా."

"నువ్వు అడిగావా?"

"అడిగాను. వస్తానంది."

అడగలేదు. ఫోన్ చేస్తే అన్నం తిన్నావా అంటుంది, తిన్నానంటాను. నువ్వు తిన్నావా అంటాను, తిన్నానంటుంది. అక్కడ అయిపోతుంది.

మార్చి 19

వంతెన మీదుగా వెళ్ళే బస్సు ఎక్కను. చుట్టుతిరిగి వెళ్ళేది ఎక్కుతాను. అందులో రద్దీ తక్కువ. ఈరోజు మాత్రం ఇంటిదాకా నిలబడే వచ్చాను.

మార్చి 20, గురువారం

ఈరోజు పశువుల డాక్టరమ్మను కలిశాను. మనిషి పొట్టి, గొంతు పెద్దది. మా బండిలోనే ఊళ్ళన్నీ తిరుగుతుంది. వెనక సీటు ఎప్పుడో పీకేసి మందుల పెట్టెలు పెట్టుకుంది. "మీ వారంటీ కాగితంలో సీటు పీకొద్దని ఉందా?" అని అడిగింది. లేదన్నాను. ఆ కాగితం రాసినవాణ్ణి నేనే కాబట్టి ఖాయంగా చెప్పగలను.

ఇది ఆవిడకు రెండో బండి. మొదటిది రెండేళ్ళ కిందట ఒక మలుపులో గేదె అడ్డం వస్తే తప్పించబోయి పల్టీ కొట్టింది. తలకిందులుగా వేలాడుతూ ఉంటే గేదె వచ్చి కిటికీలోంచి చూసిందట. "దానికి వైద్యం చేసింది కూడా నేనే. కృతజ్ఞతైనా లేదు," అని పెద్దగా నవ్వింది.

"మళ్ళీ అదే బండి కొన్నారే?"

"పై కప్పు నలిగింది గానీ నేను నలగలేదు కదా. అందుకే కొన్నాను. ఇది రాసుకోండి, మీ మేనేజరుకు నచ్చుతుంది."

రాసుకున్నాను. తర్వాత పుస్తకానికి అక్కర్లేని ప్రశ్న అడిగాను. "నడపటానికి భయం వేయలేదా?"

"వేయకుండా ఎలా ఉంటుందండీ? ఇప్పటికీ ఆ మలుపొస్తే చేతులకు చెమట పడుతుంది. పక్కన కాంపౌండరు ఉంటాడు. మొదట్లో వాడికి తెలియకూడదని బింకంగా ఉండేదాన్ని. వాడేమో నేను వాడిమీద కోపంగా ఉన్నాననుకుని వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదట. చివరికి చెప్పేశాను, నాకు ఇక్కడ భయమయ్యా, నీ మీద కోపం కాదని. వాడు బతికాడు, నేనూ బతికాను." అని నా మొహం చూసింది. "మీక్కూడా ఏమైనా అయిందా?"

"లేదండీ," అన్నాను.

అయింది. జనవరిలో అయింది. ఇన్నాళ్ళూ ఇందులో రాయలేదు.

వాన వెలిసిన సాయంత్రం. ఆఫీసు నుంచి నన్ను ఎక్కించుకుని వస్తోంది. ఆ రోజు షోరూములో ఎవరో ఏదో అన్నారని నేను చెప్తున్నాను, ఆమె నవ్వుతోంది. వంతెన దిగేచోట పక్క రోడ్డు లోంచి ఇటుకల లారీ వచ్చింది. లైట్లు కూడా లేవు. నా వైపు నుంచి వచ్చింది. నాకు కనబడలేదు. ఆమె ఒక్కసారిగా స్టీరింగ్ తిప్పేసింది. గోడకు కొట్టుకున్నాం. బండి మూతి పోయింది. ఆమె మణికట్టు బెణికింది. నా నుదుటి మీద చిన్న గాటు. తప్పంతా లారీవాడిదేనని పోలీసులు రాశారు. బండిని మా వర్క్‌షాపులోనే బాగుచేశారు. కొత్త మూతి పెట్టారు.

బండి వచ్చిన మర్నాడు ఆమె తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. నాకు కాళ్ళు ఆడలేదు. "నీ చెయ్యి ఇంకా నొప్పిగా ఉందేమో, నేను బస్సులో వెళ్తాలే," అన్నాను. ఆ మర్నాడు, "ఇవాళ తొందరగా వెళ్ళాలి," అన్నాను. ఆ తర్వాత, "బస్సులో చదువుకోవచ్చు," అన్నాను. ఆమె కొన్నాళ్ళు తాళాలతో నిలబడేది. కొన్నాళ్ళకు మానేసింది.

ఒకసారి కూరగాయలు తరుగుతూ, తల ఎత్తకుండా అడిగింది. "నా మీద నమ్మకం పోయిందా?"

"అదేం మాట. బస్సు సౌకర్యంగా ఉందంతే," అన్నాను.

ఆ వైపు కూర్చున్నది నేను. రెండు కళ్ళూ ఉన్నవాడైతే ముందే చూసి అరిచేవాడు. ఇరవై ఏళ్ళకు పైగా ఆమె పక్కన కూర్చున్నవాడు ఆ వైపు గుడ్డివాడు. ఇది ఆమెకు ఎలా చెప్పాలో తెలియక బస్సు సౌకర్యం అని చెప్తున్నాను. రాసి చూసుకుంటే నాకే నవ్వొస్తోంది. నవ్వు కూడా కాదు.

మార్చి 25, మంగళవారం

మేనేజరు మొత్తం చదివాడు. హారను ఉంచాడు. "మనుషుల బండిలా ఉంది," అన్నాడు. డబ్బా మూత తీసేయమన్నాడు. ఆ షాపాయన తిట్లు తీసేస్తే ఆయన మెచ్చుకోలు కూడా మిగలదని వాదించాను. నేను ఆఫీసులో వాదించడం ఇదే మొదలు. మేనేజరు కుర్చీలో వెనక్కి జారగిలబడి, "ఏమైంది మీకు?" అన్నాడు. డబ్బా మూత ఉండిపోయింది.

"మీదీ మన బండే కదా రైటరుగారూ. మీ అభిప్రాయం కూడా ఒక పేజీ రాయండి."

కూర్చున్నాను. స్టీరింగ్ గురించి ఏం రాయను, పట్టుకున్నది లేదు. బ్రేకుల గురించి ఆమెనడగాలి. మైలేజీ ఆమెకు తెలుసు. నాకు తెలిసింది సీటు ఒక్కటే. సీటు బాగుంటుంది. అక్కడ కూర్చుంటే ఆమె ఎడమ చెవి, మెడ మీద పుట్టుమచ్చ కనబడతాయి. గేరు మార్చేటప్పుడు కింది పెదవి కొరుకుతుంది.

కాగితం చింపేశాను. ఇది కంపెనీకెందుకు.

మార్చి 30, ఆదివారం

వెళ్ళాను.

తలుపు తీసింది వదినగారు. చేతికర్ర కూడా లేదు.

"రండి మరిదిగారూ. దారి గుర్తుందన్నమాట."

"మోకాలెలా ఉంది?"

"మోకాలికేం, ఎప్పుడో తగ్గింది. నాకు సేవ చేయడానికి వచ్చిన మనిషికే తగ్గట్లేదు." గొంతు తగ్గించింది. "మీ షోరూము బండే కదా, కాస్త దాన్ని చూడండి. వచ్చిన రోజు షెడ్డులో పెట్టింది, మళ్ళీ తాళం ముట్టుకోలేదు. మందులకు కూడా నడిచే పోతుంది. అడిగితే బ్యాటరీ బాగాలేదంటుంది."

షెడ్డులోకి తొంగిచూశాను. బండి మీద దుప్పటి కప్పి ఉంది. ఒక టైరు సగం కూర్చుండిపోయింది. నేనేమో ఆమె బండేసుకుని హాయిగా తిరుగుతోందని, నా పీడ లేకుండా ఉందని అనుకుంటున్నాను.

ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి ఆగింది. "ఎలా వచ్చారు?"

"బస్సులో."

"సౌకర్యంగా ఉందా?"

నేను బకెట్లోంచి ఒక దుప్పటి తీసి పిండాను. అటు కొస ఆమె పట్టుకుంది. చేతికి ఏదో పని ఉంటే నోరు పెగులుతుందని కాబోలు.

"సౌకర్యంగా లేదు. ఎప్పుడూ లేదు. నాకు భయమేసింది. బండి ఎక్కాలంటే కాళ్ళు ఆడలేదు. చెప్పడానికి సిగ్గేసింది."

"నేను నడిపితే భయమా?"

"నువ్వు నడపటం కాదు. నేను పక్కన కూర్చోవడం. లారీ నా వైపు నుంచి వచ్చింది. నేను చూడలేదు. ఆ సీట్లో నేను కాక ఇంకెవరున్నా..."

ఆమె దుప్పటి వదిలేసింది. అది మట్టిలో పడింది. ఇద్దరం తీయలేదు.

"మీకా కన్ను కనబడదని నాకు పెళ్ళైన కొత్తలోనే తెలుసు," అంది. "ఆ వైపు కూడా నేనే చూసుకుంటూ నడుపుతాను. ఎప్పుడూ అంతే. ఆ రోజు కూడా చూశాను. చూశాను కాబట్టే తిప్పాను. మిమ్మల్ని చూడమని ఎవరు అడిగారు?"

"ఎవరూ అడగలేదు."

"అడగని పని చేయలేదని ఇన్నాళ్ళు నాతో మాట్లాడలేదా? నేనేమనుకున్నానో తెలుసా? ఇరవై ఏళ్ళకు పైగా నా పక్కన నిద్రపోతూ వచ్చిన మనిషి ఇప్పుడు ఎక్కనంటున్నాడు, అంటే నేను ఇక నడపటానికి పనికిరానని. ఇక్కడికి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఆగుతూ ఆగుతూ వచ్చాను. ఇంత దూరానికి పూట పట్టింది. ఇక చాలు, ముట్టుకోనని తాళాలు అక్క బీరువాలో పడేశాను."

"నీ మీద నాకు ఎప్పుడూ..."

"అనలేదు కదా. అదే. ఏమీ అనలేదు. ఒకసారి తిట్టి ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని."

కళ్ళు తుడుచుకుని, మట్టిలో పడ్డ దుప్పటిని చూసి, "ఇది మళ్ళీ ఉతకాలి. మీరే ఉతకండి," అంది. ఉతికాను.

మధ్యాహ్నం తిన్నాక వదినగారు తాళాలు తెచ్చి మా ఇద్దరి మధ్య బల్ల మీద పెట్టి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయింది. బ్యాటరీ నిజంగానే బాగాలేదు. పక్కింటాయన తన బండి తెచ్చి వైర్లు కలిపాడు. ఇంజను లేచింది. ఆమె కూర్చుంది. నేను కూర్చున్నాను. తలుపు వేస్తే నిజంగానే డబ్బా మూతలా మోగింది. ఇన్నేళ్ళూ గమనించలేదు.

వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చాం. అంతే. పై పట్టీని రెండు చేతులా పట్టుకున్నాను. ఎదురుగా సైకిలు వస్తే చాలు, కళ్ళు మూసుకున్నాను. షెడ్డు ముందు ఆపి ఆమె చేతులు చీరకు తుడుచుకుంది. ఇద్దరం చాలాసేపు దిగలేదు.

"ఇంటికి పోదామా?" అన్నాను.

"ఈరోజు కాదు," అంది.

బస్సులోనే వచ్చాను.

ఏప్రిల్ 3, గురువారం

ఆమె ఫోన్ చేసింది. రోజూ పొద్దున వీధులు తిరుగుతోందట. వాళ్ళక్కను పక్కన కూర్చోబెట్టుకుంటోంది. "కుక్క ఎక్కడో అవతలి వీధిలో ఉంటే ఇక్కడ కేకలు పెడుతుంది. మీరే నయం," అంది. ఇద్దరం నవ్వాం. అన్నం తిన్నారా అని అడగటం మర్చిపోయింది. నేనూ మర్చిపోయాను.

గ్యాసు ఎవరికి చెప్పాలో అడిగాను. ఇన్నాళ్ళూ ఏం తిన్నారని ఒక విడత చివాట్లు పడ్డాయి. వినడానికి బాగుంది.

ఏప్రిల్ 6, ఆదివారం

తీసుకురావడానికి వెళ్ళాను. కలిసి వచ్చాం. వంతెన మీదుగా కాదు, చుట్టుతిరిగి. దారిలో ఒకచోట ఆమెకు ఊపిరాడలేదు. ఆపి, టీకొట్టు ముందు కూర్చున్నాం. ఇంకోచోట నేను దిగిపోతానన్నాను. మళ్ళీ ఆపాం. పొద్దున బయల్దేరినవాళ్ళం ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. చిన్నది ఫోన్ చేసి, "నడిచి వచ్చారా?" అంది.

ఏప్రిల్ 7, సోమవారం

పొద్దున స్నానం చేసి వచ్చేసరికి ఆమె తాళాలతో గుమ్మంలో ఉంది. నా మొహంలోకి చూడకుండా, "టైమవుతోంది. వస్తారా, బస్సుకు వెళ్తారా?" అంది.

"భయంగా ఉంది," అన్నాను.

"నాక్కూడా," అంది.

చెప్పులు వేసుకుని బండెక్కాను. వంతెన దగ్గర ఆమె బాగా నెమ్మది చేసింది. వెనకాల బండ్లన్నీ హారన్లు మోగించాయి. ఒకడు పక్కకు వచ్చి, కిటికీ దించి, నడపటం రాకపోతే ఇంట్లో ఉండాలని అరిచాడు. ఆమె కూడా కిటికీ దించి వాడికి రెండింతలు అరిచింది. ఇన్నేళ్ళలో ఆమె అలా అరవడం నేను వినలేదు.

ఆఫీసుకు ఆలస్యంగా చేరాను. మేనేజరు గడియారం చూసి, ఏమైందన్నాడు.

మా ఆవిడ తీసుకొచ్చిందని చెప్పాను.